భారత దంతవైద్య పితామహుడు డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్

మానవుని ముఖానికి చిరునవ్వు సహజాభరణం. ఆ చిరునవ్వుకు ఆధారం ముందుపళ్ళు. చెడుగుడు ఆడుతూ పడినప్పుడో, సైకిలు మీదినుండి బోర్లా జారినప్పుడో పై వరుసలోని ముందుపన్ను అంచు కాస్త విరిగిందంటే చాలు, ఆ విద్యార్థి తరగతిలో లేచి జవాబు చెప్పడానికి సంకోచిస్తాడు. నలుగురిలో నవ్వవలసి వస్తే చేయి నోటికి అడ్డం పెట్టుకొంటాడు. ఉద్యోగపు ఇంటర్వ్యూలోనూ, పెళ్ళిచూపులలోనూ ఆ గోరంత లోపమే కొండంతగా తోస్తుంది. నేడు అటువంటి పన్నును ఒక్క పూటలో, చాలా సందర్భాలలో సూదిమందు సైతం లేకుండా, పలచని రెజిన్ పదార్థంతో పూడ్చి యథాపూర్వంగా తీర్చిదిద్దుతున్నారు. అందుకు మన జిల్లాల ప్రజలు పరదేశాలకు పోనవసరం లేదు.

అయితే ఈ సదుపాయం ఆకాశం నుండి ఊడిపడలేదు. దంతవైద్యం నేర్చిన వైద్యులు ఊరూరా ఉండాలంటే వారికి నేర్పే విద్యాలయం ఉండాలి, చదువుకొనేందుకు పుస్తకం ఉండాలి, వృత్తికి ఒక చట్టం ఉండాలి. ఈ మూడింటి నిర్మాణంలోనూ అగ్రగామిగా నిలిచిన ఒక భారతీయుడున్నాడు. ఆయనే డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్. కలకత్తాలో ఆయన పేరిట దంతవైద్య కళాశాల నేటికీ నడుస్తున్నది. ఆయన జన్మదినమైన డిసెంబరు 24వ తేదీని మన దేశంలో దంతవైద్యుల దినంగా జరుపుకొంటున్నారు. ఇంతటి మహనీయుని గాథ మన విద్యార్థులలో చాలామందికి తెలియకపోవడం శోచనీయం. ఆ లోటును కొంతవరకైనా తీర్చడమే ఈ వ్యాసోద్దేశం.

ఆనాటి పరిస్థితి

పంతొమ్మిదవ శతాబ్దంలోనే భారతదేశంలో పాశ్చాత్య వైద్యవిద్య వేళ్ళూనుకొన్నది. కలకత్తాలోనూ, మద్రాసులోనూ 1835లోనే వైద్య విద్యాలయాలు వెలిశాయి. మన విశాఖపట్టణంలో వైద్యకళాశాల 1923లో ప్రారంభమైంది. కాని దంతవైద్యం మాత్రం అనాథగానే మిగిలిపోయింది. ప్రపంచంలో తొలి దంతవైద్య కళాశాల అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో 1840లో నెలకొన్నది. ఆ తరువాత ఎనభై సంవత్సరాలపాటు కోట్లాది ప్రజలున్న మన దేశంలో అటువంటి విద్యాలయం ఏర్పడలేదు.

పంటినొప్పి వచ్చిన సామాన్యునికి ఆనాడు మిగిలిన దారులు రెండే. లవంగనూనె అద్దుకొని ఓర్చుకోవడం ఒకటి. సంతలోనో, బజారు కూడలిలోనో చాపపరచుకొని కూర్చున్నవాని చేత పన్ను పీకించుకోవడం రెండవది. పన్నును కాపాడి నిలబెట్టవచ్చుననే ఊహ సైతం జనసామాన్యానికి లేదు. వేపపుల్ల, ఉత్తరేణిపుల్ల, కచ్చిక, ముస్లిం కుటుంబాలలో మిస్వాక్ వంటివి పళ్ళను శుభ్రపరచడానికి పనికివచ్చేవే. కాని పుచ్చిన పన్నునూ, విరిగిన పన్నునూ అవి బాగుచేయజాలవు. ఆ విద్య తెలిసిన కొద్దిమందీ విదేశాలలో చదివి, మహానగరాలలో దొరలకూ, జమీందార్లకూ వైద్యం చేసేవారు. పేదవాని పన్నుకు విలువ లేదు.

బాల్యం, విద్యాభ్యాసం

రఫీయుద్దీన్ అహ్మద్ 1890 డిసెంబరు 24వ తేదీన తూర్పు బెంగాలులోని ఢాకా జిల్లా బర్ధన్‌పాడా గ్రామంలో జన్మించారు. ఆ ప్రాంతం నేడు బంగ్లాదేశ్‌లో ఉన్నది. తండ్రి మౌల్వీ సఫీయుద్దీన్ అహ్మద్ డిప్యూటీ మేజిస్ట్రేటు. తల్లి ఫైజున్నిసా. చదువుకు విలువనిచ్చిన కుటుంబం వారిది. రఫీయుద్దీన్ ప్రాథమిక విద్య ఢాకా మదరసాలో సాగింది. ఆ తరువాత ఆయన అలీగఢ్ చేరుకొని, సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ స్థాపించిన మహమ్మదన్ ఆంగ్లో ఓరియంటల్ కళాశాలలో చదివి 1908లో పట్టభద్రులయ్యారు.

ఇక్కడ ఒక విషయం గమనింపదగినది. సంప్రదాయ విద్యను వదలుకోకుండానే ఆధునిక విజ్ఞానాన్ని అందుకోవాలన్నది అలీగఢ్ విద్యాలయపు ఆశయం. మదరసాలో అక్షరాభ్యాసం చేసి, అలీగఢ్‌లో ఆధునిక విద్య నభ్యసించిన రఫీయుద్దీన్ జీవితం ఆ ఆశయానికి సజీవ నిదర్శనం. ఆనాటి పట్టభద్రులు చాలామంది ప్రభుత్వోద్యోగాన్నో, న్యాయవాద వృత్తినో కోరుకొనేవారు. తండ్రి మేజిస్ట్రేటు గనుక ఆ మార్గం ఆయనకూ సుగమమే. కాని ఆయన తన దేశంలో పేరైనా లేని ఒక విద్యను ఎంచుకొన్నారు. 1909లో అమెరికాకు ప్రయాణమయ్యారు.

అమెరికాలో

అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో దంతవైద్యం అభ్యసించి, 1915లో డాక్టర్ ఆఫ్ డెంటల్ సర్జరీ పట్టం పొందారు. అప్పటికి ప్రపంచయుద్ధం సాగుతున్నది. ఆయన వెంటనే స్వదేశానికి మరలక, మసాచుసెట్స్ రాష్ట్రంలోని బోస్టన్ నగరంలో ఫోర్సైత్ దంతవైద్యాలయంలో 1918 వరకు పనిచేశారు.

ఫోర్సైత్ వైద్యాలయం సామాన్యమైనది కాదు. ఒక సంపన్న కుటుంబపు దానంతో నిర్మితమై, 1914లో తలుపులు తెరచిన ఆ సంస్థ కేవలం పిల్లల కోసం ఏర్పడింది. కూలివారి పిల్లలు, వలసవచ్చినవారి పిల్లలు బారులు తీరి అక్కడికి వచ్చేవారు. వైద్యం ధనికుల సొత్తు కాదనీ, విద్యాబోధన, ప్రజాసేవ ఒకే కప్పు క్రింద సాగగలవనీ చెప్పడానికి ఆ భవనమే సాక్ష్యం. బోస్టన్‌లో చూచిన ఆ దృశ్యం యువవైద్యుని మనస్సుపై ఎటువంటి ముద్ర వేసిందో, కలకత్తాలో ఆయన తరువాత చేసిన పనులే చెబుతాయి.

శీతలపానీయాల దుకాణం, దంతవైద్య కళాశాల

1919లో రఫీయుద్దీన్ అహ్మద్ మాతృదేశానికి తిరిగివచ్చారు. అమెరికా పట్టం గల దంతవైద్యునికి కలకత్తా వంటి నగరంలో ధనార్జన కష్టం కాదు. ఒక మంచి వీధిలో వైద్యశాల తెరచుకొని సుఖంగా జీవించవచ్చు. ఆయన దృష్టి అక్కడ ఆగలేదు. తానొక్కడు ఎన్ని పళ్ళను బాగుచేయగలడు? తనవంటివారు వందలు, వేలు తయారైతేనే దేశానికి మేలు. అందుకు కళాశాల కావాలి. కళాశాలకు ధనం కావాలి.

ధనం కోసం ఆయన చేసిన పని విచిత్రమైనది. కలకత్తాలో న్యూయార్క్ సోడా ఫౌంటెన్ అనే పేరుతో ఒక దుకాణం తెరిచారు. అమెరికాలో వీధివీధినా ఉండే ఐస్‌క్రీము, శీతలపానీయాల అంగళ్ళ పద్ధతిని ఈ దేశానికి తెచ్చారు. ఆ వ్యాపారపు ఆదాయంతో 1920లో భారతదేశపు తొలి దంతవైద్య కళాశాలను నెలకొల్పారు. తీపి పదార్థాలు పళ్ళకు చేటని ఎరిగిన వైద్యుడే తీపి అమ్మి పళ్ళ కళాశాల నడిపాడని ఎవరైనా ఛలోక్తి విసరవచ్చు. కాని ఆ ఛలోక్తి వెనుక ఉన్న సత్యం గంభీరమైనది. ప్రభుత్వం ఇస్తుందని ఎదురుచూడక, తన రెక్కల కష్టంతో విద్యాలయం నిలబెట్టిన ధీరత్వమది. అదే 1920లో ఆయన చదివిన అలీగఢ్ కళాశాల విశ్వవిద్యాలయంగా మారింది. గురుకులం విశ్వవిద్యాలయమైన ఏడే శిష్యుడొక కళాశాలకు జన్మనిచ్చాడు.

ఆ కళాశాల తలుపులు స్త్రీలకు కూడా తెరచుకొన్నవి. మహమ్మద్ అలీ జిన్నా సోదరి ఫాతిమా జిన్నా 1920 దశకం తొలి సంవత్సరాలలో కలకత్తాలోని ఈ విద్యాలయంలోనే దంతవైద్యం అభ్యసించి, బొంబాయిలో వైద్యశాల పెట్టుకొన్నారు. ఘోషాలో పెరిగిన స్త్రీలు పురుష వైద్యుని ముందు నోరు తెరచి చూపడానికి ఇష్టపడక బాధను దిగమింగుకొనే ఆ రోజులలో, ఒక ముస్లిం యువతి దంతవైద్యురాలు కావడం చిన్న విషయం కాదు.

గ్రంథం, పత్రిక, శాసనం

కళాశాల స్థాపనతో ఆయన కృషి ముగియలేదు, మొదలైంది. 1925లో బెంగాల్ దంతవైద్య సంఘాన్ని ఏర్పరచారు. అదే సంవత్సరం ఇండియన్ డెంటల్ జర్నల్ అనే పత్రికను ప్రారంభించి, 1946 వరకు సుమారు రెండు దశాబ్దాలకు పైగా దానికి సంపాదకత్వం వహించారు. ఒక వృత్తికి సంఘం, పత్రిక లేకపోతే ఎవరు ఎక్కడ ఏమి కనుగొన్నారో మరొకరికి తెలియదు. అనుభవం మనిషితోనే అంతరిస్తుంది. ఈ సత్యాన్ని ఆయన గుర్తించారు.

1928లో ఆపరేటివ్ డెంటిస్ట్రీపై విద్యార్థులకొక కరదీపికను ప్రచురించారు. ఆపరేటివ్ డెంటిస్ట్రీ అనగా పన్నును పీకివేయకుండా, చెడిన భాగాన్ని మాత్రమే తొలగించి, ఖాళీని తగిన పదార్థంతో పూడ్చి, పంటికి దాని రూపాన్నీ, బలాన్నీ తిరిగి చేకూర్చే శాస్త్రం. రఫీయుద్దీన్ అహ్మద్ పాఠ్యగ్రంథానికి ఎన్నుకొన్న విషయం ఇదే కావడం గమనార్హం. పీకడం సంతలోనివానికీ తెలుసు. నిలబెట్టడమే విద్య.

పట్టం గలవానికీ, లేనివానికీ తేడా లేని స్థితిలో ప్రజలే నష్టపోతారు. శుభ్రత తెలియని చేతులు, కాచని పనిముట్లు ప్రాణాపాయం తెచ్చిపెడతాయి. అందుచేత వృత్తిని క్రమబద్ధం చేసే శాసనం కోసం ఆయన పట్టుదలతో కృషి చేశారు. ఫలితంగా 1939లో బెంగాల్ దంతవైద్యుల చట్టం అమలులోకి వచ్చింది. దేశమంతటికీ వర్తించే దంతవైద్యుల చట్టం స్వాతంత్ర్యానంతరం 1948లో వచ్చింది. మరుసటి సంవత్సరమే భారత దంతవైద్య మండలి ఏర్పడింది. ఒక రాష్ట్రంలో వెలిగిన దీపం దేశమంతటికీ వెలుగునిచ్చింది. భారత దంతవైద్య సంఘపు అధ్యక్షపదవి సైతం ఆయనను వరించింది.

త్యాగం, ప్రజాసేవ

రఫీయుద్దీన్ అహ్మద్ వైద్యశాలకే పరిమితం కాలేదు. 1932 నుండి 1936 వరకు కలకత్తా నగరపాలక సంస్థలో సభ్యులుగానూ, 1942 నుండి 1944 వరకు ఆల్డర్‌మన్‌గానూ పనిచేశారు. ఆ కడపటి కాలం బెంగాలుకు ఘోరమైనది. 1943 నాటి క్షామంలో లక్షలాది జనం తిండిలేక ప్రాణాలు విడిచారు. పల్లెలనుండి వచ్చిన ఆకలిజీవులు కలకత్తా వీధులలోనే కూలిపోయారు.

1947లో దేశం విభజన పొందింది. ఆయన జన్మించిన గ్రామం సరిహద్దుకు ఆవల పాకిస్తాన్‌లోకి పోయింది. ఆయన శిష్యురాలు ఫాతిమా జిన్నా కరాచీ చేరుకొన్నారు. రఫీయుద్దీన్ అహ్మద్ మాత్రం కలకత్తాలోనే, తన కళాశాల చెంతనే, తన విద్యార్థుల మధ్యనే నిలిచిపోయారు. పుట్టిన ఊరు ఒక దేశంలో, పెంచిన సంస్థ మరొక దేశంలో మిగిలిన వేదన ఎంతటిదో ఊహించవచ్చు. ఆయన తాను నాటిన చెట్టు నీడనే ఎన్నుకొన్నారు.

అంతటితో ఆగక, 1949లో ఆ కళాశాలను పశ్చిమబెంగాల్ ప్రభుత్వానికి దానంగా సమర్పించారు. ఆ సంవత్సరమే దానికి కలకత్తా విశ్వవిద్యాలయపు గుర్తింపు కూడా లభించింది. స్వార్జితంతో కట్టి, దాదాపు మూడు దశాబ్దాలు పోషించిన సంస్థను తన వారసుల సొత్తుగా కాక ప్రజల సొత్తుగా మార్చడం అందరికీ సాధ్యమయ్యే పని కాదు. సంస్థ తనకంటె ఎక్కువ కాలం బ్రతకాలని కోరుకొన్నవాడే ఆ పని చేయగలడు.

1950 నుండి 1962 వరకు ఆయన పశ్చిమబెంగాల్ మంత్రివర్గంలో వ్యవసాయం, సహకారం, సమాజాభివృద్ధి, సహాయ పునరావాసం వంటి శాఖలను నిర్వహించారు. ఆ మంత్రివర్గానికి నాయకుడు డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్ కూడా ప్రఖ్యాత వైద్యుడే. తూర్పు బెంగాలు నుండి కట్టుబట్టలతో వచ్చిన లక్షలాది శరణార్థుల పునరావాసం ఆనాటి ప్రభుత్వానికి అగ్నిపరీక్ష. తూర్పు బెంగాలులో పుట్టిన ముస్లిం మంత్రి, అక్కడినుండి తరలివచ్చిన నిరాశ్రయుల సంక్షేమంలో పాలుపంచుకోవడం మన దేశ సామరస్యానికి ఒక మేలిబంగారు దృష్టాంతం.

ఇంగ్లండులోని రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ దంతశస్త్రవైద్య శాఖ 1949లో ఆయనకు ఫెలోషిప్ ఇచ్చి గౌరవించింది. భారత ప్రభుత్వం 1964లో పద్మభూషణ్ బిరుదుతో సత్కరించింది. దంతవైద్యులలో ఆ గౌరవం పొందిన ప్రథముడాయన. మరుసటి సంవత్సరం, 1965 ఫిబ్రవరి 9వ తేదీన, 74 సంవత్సరాల వయస్సులో ఆయన పరమపదించారు. ఆయన స్థాపించిన కళాశాల డాక్టర్ ఆర్. అహ్మద్ దంతవైద్య కళాశాల అనే పేరుతో ఆయన కీర్తిని నిలుపుతున్నది.

ముందుపన్ను కథ

రఫీయుద్దీన్ అహ్మద్ బోధించిన శాస్త్రం ఆయన జీవితకాలంలోనే ఎంత ముందుకు సాగిందో తెలిసికొంటే ఆయన వేసిన పునాది విలువ తెలుస్తుంది. దవడపంటి గుంతను పాదరసం కలిపిన వెండి మిశ్రమంతో పూడ్చడం ఆయన విద్యార్థి దశనాటికే వాడుకలో ఉన్నది. నల్లగా ఉన్నా లోపలి పన్ను ఎవరికీ కనబడదు. ముందుపన్ను సంగతి అది కాదు. అక్కడ బంగారు రేకు నింపితే మెరుస్తుంది, వెండి నింపితే నల్లబడుతుంది. పంటి రంగుకు దగ్గరగా ఉన్నది సిలికేట్ సిమెంటు ఒక్కటే. ఇరవయ్యవ శతాబ్దపు పూర్వార్ధంలో ముందుపళ్ళకు దానినే విరివిగా వాడేవారు. కాని అది లాలాజలంలో క్రమంగా కరిగిపోయేది, రంగు మారేది, దానిలోని ఆమ్లం పంటిలోపలి గుజ్జును బాధించేది. పైగా అది పంటికి అంటుకొనేది కాదు. అందుచేత అది జారిపోకుండా మంచి పంటిని సైతం తొలిచి పట్టు కల్పించవలసి వచ్చేది. విరిగిన అంచును దానితో నిలబెట్టడం దుస్సాధ్యం. రెండవ ప్రపంచయుద్ధం తరువాత వచ్చిన అక్రిలిక్ రెజిన్లు కూడా గట్టిపడేటప్పుడు బాగా కుంచించుకొనిపోయి, పంటికీ పూతకూ నడుమ సందు విడిచేవి.

ఈ చిక్కుముడిని విప్పినవాడు అమెరికాలోని రోచెస్టర్ నగరంలో ఈస్ట్‌మన్ దంతవైద్యాలయంలో పనిచేసిన మైఖేల్ బునకోర్. లోహానికి రంగు బాగా అంటుకోవడానికి ముందుగా ఫాస్ఫారిక్ ఆమ్లం పూసే పద్ధతి పరిశ్రమలలో ఉన్నది. దానినే ఆయన పంటిపై ప్రయోగించి 1955లో ఫలితాలు ప్రకటించాడు. పాతగోడకు కొత్తపూత పట్టాలంటే తాపీమేస్త్రీ ముందుగా గోడకు గాట్లు పెడతాడు. ఆమ్లం కూడా పంటి పైపొరయైన ఎనామెల్ మీద కంటికి కానరాని కోట్లాది గుంటలు చేస్తుంది. రెజిన్ ఆ గుంటలలోకి దిగి గట్టిపడి వేళ్ళూనినట్లు పట్టుకొంటుంది. ఇక మంచి పంటిని తొలిచి పాడుచేయనక్కరలేదు.

పట్టు దొరికింది, గట్టి పదార్థం కావలసి వచ్చింది. వాషింగ్టన్ నగరంలో అమెరికా దంతవైద్య సంఘపు పరిశోధకుడు రాఫెల్ బోవెన్ కొత్త రకపు రెజిన్ తయారుచేసి, అందులో సన్నని సిలికా రేణువులు కలిపి 1962లో పేటెంటు పొందాడు. ఇసుక, సిమెంటు కలిస్తే కాంక్రీటు బలపడినట్లే, రేణువుల చేరికతో రెజిన్ బలపడింది, కుంచించుకొనడం తగ్గింది. అదే కాంపోజిట్ రెజిన్. అప్పటికి రఫీయుద్దీన్ అహ్మద్ జీవించే ఉన్నారు. సిలికేట్ యుగంలో పాఠం మొదలుపెట్టిన గురువు కాంపోజిట్ యుగపు ఉషోదయాన కన్నుమూశారు. తరువాతి దశకాలలో నీలికాంతి సోకగానే గట్టిపడే రకాలు వచ్చి, వైద్యునికి తీరికగా రూపం దిద్దే వీలు కలిగింది.

మొదటి కాంపోజిట్లు చలిమిడి ముద్దలాగా చిక్కగా ఉండేవి. 1990ల మధ్యలో రేణువుల పాలు తగ్గించి, అట్లపిండిలా జారే రకాలను తయారుచేశారు. వీటినే ఫ్లోయబుల్ కాంపోజిట్లు అంటున్నారు. సన్నని మొన గల సిరంజి ద్వారా వీటిని ఇరుకు సందులలోకి సైతం గాలిబుడగలు చేరకుండా పంపవచ్చు. ముందుపన్ను అంచు కొద్దిగా చిట్లినా, చిగురు దగ్గర అరిగినా, పాతపూత అంచున లోపం ఏర్పడినా ఇవి చక్కగా పనికివస్తాయి. ముందుగా పన్ను తడిగా ఉన్నప్పుడే రంగు సరిచూస్తారు. ఎండిన పన్ను తెల్లగా కనిపించి మోసగిస్తుంది. తరువాత లాలాజలం సోకకుండా కాపాడి, ఆమ్లం పూసి, కొద్ది సెకన్ల తరువాత కడిగి, అంటుద్రవం పూస్తారు. పక్కపంటికి అతుక్కోకుండా పారదర్శకమైన పట్టీ నిలిపి, రెజిన్‌ను పలచని పొరలుగా వేస్తూ, ప్రతి పొరకూ కాంతి ప్రసరింపజేస్తారు. చివరకు అంచులు సరిచేసి మెరుగు పెడతారు.

ఈ పదార్థానికి పరిమితులు లేకపోలేదు. రేణువులు తక్కువైనందున సాధారణ కాంపోజిట్ కంటె ఇది త్వరగా అరుగుతుంది, ఎక్కువ కుంచించుకొంటుంది. పెద్ద ముక్క విరిగినప్పుడు అడుగున దీనిని పలచగా వేసి, పైన చిక్కని రకంతో బలం చేకూర్చడం వివేకం. ఎక్కువ రేణువులు గల కొత్త రకాలు ఈ లోపాన్ని కొంత తగ్గించాయి. విరిగిన ముక్క దొరికితే పారవేయక, పాలలోగాని, నీటిలోగాని వేసి వెంటనే వైద్యుని వద్దకు తీసికొనిపోవాలి. ఆ ముక్కనే తిరిగి అతికే అవకాశం తరచుగా ఉంటుంది. పంటిలోపలి గుజ్జు బయటపడినా, రక్తం వచ్చినా ఒక్క రోజు కూడా ఆలసించరాదు. ఆటస్థలంలో మన విద్యార్థులకు ఈ సంగతి తెలిసి ఉండడం అవసరం.

మన ప్రాంతానికి సందేశం

కలకత్తా మనకు దూరపు ఊరు కాదు. విజయనగరం మీదుగా, ఆమదాలవలస మీదుగా సాగే రైలుమార్గం మన పూర్వులను ఖరగ్‌పూర్ కర్మాగారాలకూ, హుగ్లీ తీరపు జనపనార మిల్లులకూ చేర్చింది. బ్రతుకుతెరువు కోసం తరాలుగా మనవారు నడచిన దారి అది. అదే దారి చివర రఫీయుద్దీన్ అహ్మద్ విద్యాలయం ఉన్నది. మద్రాసులో 1953లోనూ, హైదరాబాదులో 1959లోనూ ప్రభుత్వ దంతవైద్య విద్యాలయాలు ఏర్పడేవరకు తెలుగు విద్యార్థికి ఈ విద్య సమీపంలో లేదు. తరువాతి కాలంలో శ్రీకాకుళం చెంతనే శ్రీ సాయి దంతవైద్య కళాశాల వెలిసింది. ఒకనాడు దేశమంతటికీ ఒక్కటైన విద్యాలయం నేడు అనేక జిల్లాలలో కనిపించడం చరిత్రలో చిన్న మార్పు కాదు.

మన జిల్లాకు దంతవైద్య చరిత్రలో మరొక రకమైన ప్రసిద్ధి ఉన్నది. అది గర్వకారణం కాదు. చుట్టను వెలిగించి, నిప్పు కొనను నోటిలోపల ఉంచుకొని త్రాగే అడ్డపొగ అలవాటు మన తీరప్రాంతంలో, ముఖ్యంగా పల్లెస్త్రీలలో, తరతరాలుగా ఉన్నది. చేపలు పట్టేచోట, పొలం పనులలో గాలికీ, తడికీ చుట్ట ఆరిపోకుండా ఉండడానికి ఈ పద్ధతి అనుకూలమని వారి భావన. డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు పిండ్‌బోర్గ్, బొంబాయిలోని టాటా పరిశోధనాసంస్థకు చెందిన దంతవైద్యుడు మెహతా, వారి సహచరులు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణులను పరీక్షించి 1971లో ఫలితాలు ప్రకటించారు. వారిలో వందకు సుమారు 44 మందికి ఆ అలవాటు ఉన్నట్లు తేలింది. నిప్పు వేడికీ, పొగకూ అంగిలి మాడి, మచ్చలు పడి, కొందరిలో అది పుట్టకురుపుగా మారుతున్నదని కూడా వెల్లడైంది. విశాఖపట్టణం వైద్యకళాశాల పరిశోధకులు సైతం ఇదే విషయాన్ని నిరూపించారు.

రెజిన్‌తో ముందుపన్నును తళతళలాడించవచ్చు. కాని చుట్టపొగ దానిని మరల నల్లబరుస్తుంది. పంటి మచ్చను వైద్యుడు తుడుస్తాడు, అంగిలిలోని పుట్టకురుపును తుడవడం అంత సులభం కాదు. కాబట్టి పంటి సౌందర్యం కోసం వైద్యుని వద్దకు వెళ్ళే విద్యార్థి, ఇంటిలోని అమ్మమ్మనో, నానమ్మనో, నానీనో, దాదీనో కూడా వెంట తీసికొనిపోయి నోటిని పరీక్ష చేయిస్తే, ఆ కుటుంబానికి అంతకు మించిన మేలు లేదు. అద్దంలో మన పళ్ళు చూచుకొనే సమయంలో సగమైనా వారి అంగిలి కోసం వెచ్చించడం మన బాధ్యత.

ముగింపు

రఫీయుద్దీన్ అహ్మద్ జీవితంలో అద్భుతాలు లేవు. యుద్ధాలు గెలవలేదు, సింహాసనాలు అధిష్ఠించలేదు. మదరసా నుండి అలీగఢ్‌కు, అలీగఢ్ నుండి అమెరికాకు విద్య కోసం వెళ్ళారు. తెచ్చిన విద్యను తనవద్దనే దాచుకోలేదు. శీతలపానీయాలు అమ్మి కళాశాల నడిపారు. నడిపిన కళాశాలను ప్రజలకు ఇచ్చివేశారు. ఇంత సరళమైన జీవితాన్ని అర్థం చేసికోవడం సులభం, ఆచరించడమే కష్టం.

మన వంటి విద్యాసంస్థలు కూడా పరిమితమైన వనరులతోనే నడుస్తాయి. ఉర్దూ, తెలుగు రెండు భాషలు ఒకే ప్రాంగణంలో వినిపించే చోట చదువుకొనే విద్యార్థులకు ఆయన జీవితం రెండు విషయాలు నేర్పుతున్నది. ఒకటి, మాతృభాషలో, మదరసాలో ప్రారంభమైన చదువు విజ్ఞానశాస్త్రానికి అడ్డుకాదు. రెండు, ఎవరూ ఎన్నుకోని మార్గాన్ని ఎన్నుకొన్నవానికే కొత్త మార్గం వేసే అవకాశం దక్కుతుంది. కళాశాల కార్యవర్గ పెద్దలకు కూడా ఇందులో ఒక సూచన ఉన్నది. ఏటా డిసెంబరు 24వ తేదీన మన ప్రాంగణంలో దంతవైద్య శిబిరం ఏర్పాటుచేసి, విద్యార్థులతోపాటు చుట్టుపక్కల బస్తీల వృద్ధులకు, ముఖ్యంగా అడ్డపొగ త్రాగే తల్లులకు పరీక్షలు జరిపిస్తే, ఆ మహనీయునికి అంతకు మించిన నివాళి ఉండదు. ఒక్క అంగిలి మచ్చను సకాలంలో గుర్తించినా ఒక ప్రాణం నిలిచినట్లే. చిరునవ్వును నలుగురిముందు దాచుకొనే ఒక్క పేద విద్యార్థికి పన్ను సరిచేయించినా, చేయి అడ్డం పెట్టుకోకుండా వాడు పాఠం అప్పజెప్పగలుగుతాడు.